రావుగారి ప్లిమత్

"కారు తీయండి సామీ. హులిగమ్మను పాము కరిసింది."

భుజాన మోసుకొచ్చిన భార్యను భీమసేనరావు ఇంటి అరుగు మీద పడుకోబెడుతూ అన్నాడు కాశప్ప. శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే నాగుపాము కాటేసింది. మడమ పైన చీరపేలిక బిగించి కట్టాడు. ఆమెకు అప్పుడే రెప్పలు వాలిపోతున్నాయి. ఆదోని ఆసుపత్రికి చేరిస్తే సూది వేస్తారు, బతుకుతుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఊళ్లో ఉన్నది ఒకటే కారని కూడా తెలుసు.

ఆ కారు పక్కనే కొట్టంలో నిగనిగలాడుతోంది. నల్లటి ప్లిమత్. రావు తండ్రి కాలం నాటిది. గుండ్రటి దీపాలు, చక్రాల మీద వంపు తిరిగిన రెక్కలు, ముందు వెండిలా మెరిసే కడ్డీలు. ఆదోని షావుకార్ల కొత్త అంబాసిడర్లు దాని ముందు దిగదుడుపే. దారిన పోయే లారీవాళ్లు కూడా దిగొచ్చి కళ్లారా చూసి పోయేవాళ్లు. రావు పూజ ముగించి రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. దుమ్ము పడుతుందంటూ కరువు ఏడాది నుంచి రోడ్డెక్కించడమే మానేశాడు.

రావు కారు వంక చూశాడు. హులిగమ్మ వంక చూశాడు.

"బ్యాటరీ చార్జింగుకని ఎమ్మిగనూరుకు పంపినాను కాశప్పా. తెచ్చే వేళయింది. కూర్చో," అన్నాడు.

ఆయన భార్య అంబాబాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఏదో చెప్పబోయి, భర్త మొహం చూసి, చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

ఊరి బయట బస్సు హారన్ మోగింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సు. అది పోతే మళ్లీ సాయంత్రం దాకా ఇంకోటి లేదు. హులిగమ్మ కళ్లు తెరవలేకపోయినా ఆ మోత పోల్చుకుంది.

"బస్సుకు పోదాం పా," అంది. మాట ముద్దగా వచ్చింది.

కాశప్ప లేచి రావు మొహంలోకి చూశాడు. రావు నేల చూపులు చూస్తున్నాడు.

"బస్సు ఊరూరా ఆగుతాది. కారైతే బిర్రున పోతాది. రవ్వంత ఓర్సుకో," అన్నాడు కాశప్ప భార్యతో.

బస్సు కదిలిపోయిన చప్పుడు వినిపించింది.

బ్యాటరీ రాలేదు. హులిగమ్మకు ఊపిరి ఎగదన్నడం మొదలైంది. గుమిగూడిన వాళ్లలో హనుమన్న అనే రైతు, బ్యాటరీ లేకపోతేనేం, అందరం కలిసి నూకితే కారు స్టార్టు కాదా అన్నాడు. నిజమేనంటూ జనం కొట్టం వైపు కదిలారు. రావు అరుగు మీది నుంచి గబగబా దిగిపోయి, కొట్టం తలుపులు మూసి, వాటికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"దాని మీద ఎవురూ చెయ్యి వేయొద్దు," అన్నాడు.

కాశప్ప ఆయన కాళ్ల మీద పడ్డాడు. రావు కాళ్లు వెనక్కి తీసుకున్నాడే కానీ తలుపు వదల్లేదు. పాముకాటు మనిషి సీట్ల మీద కక్కుతుందని భయమేమోనని ఎవరో గొణిగారు. హనుమన్న ఉమ్మేసి, ఉరుకున పోయి ఎద్దులబండి కట్టుకొచ్చాడు. ఆదోని కొండలు కనబడుతుండగానే, బండిలో భర్త ఒడిలో హులిగమ్మ ఊపిరి ఆగిపోయింది.

మరునాడు భార్యను మట్టిలో పెట్టి, కాశప్ప ఇంటికి పోలేదు. గుంత తవ్విన గడ్డపారతోనే నేరుగా రావు ఇంటికి పోయాడు. రావు అరుగు మీదే కూర్చొని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు గుంటలు పడ్డాయి.

"మనిషి కన్నా అదే ఎక్కువాయెనా సామీ నీకు?"

రావు లేచి ముందు నడిచి, కొట్టం తలుపులు తానే తీశాడు. కాశప్ప లోపలికి పోగానే తానూ వచ్చి తలుపులు దగ్గరికి వేశాడు.

మొదటి దెబ్బకు దీపం పగిలింది. రెండో దెబ్బకు అద్దం జల్లున రాలింది. వెండి కడ్డీలు వంకర్లు పోయాయి. రావు అడ్డం రాలేదు, అరవలేదు. తుడిచే గుడ్డ చేత్తో పట్టుకొని గోడవారగా నిలబడ్డాడు. ఆ మౌనం చూసి కాశప్పకు కసి ఇంకా పెరిగింది. దీని గుండెకాయనే పగలగొట్టాలనుకున్నాడు. బానెట్ సందున గడ్డపార దూర్చి ఒక్క ఊపున పైకెత్తాడు.

లోపల ఇంజను లేదు. కింద కొట్టం నేల కనబడుతోంది.

"కరువులో అమ్ముకొని తిన్నాము కాశప్పా," అన్నాడు రావు, తలుపుకు గడియ పెడుతూ. "ఊళ్లో ఎవురికీ చెప్పొద్దు."