వెండి మందు దొంగ

సీసాలోంచి నాలుగు చెంచాల వెండి మందు తీసుకుని, ఆ మేరకు టీ డికాషన్ పోసేస్తే ఎవరికీ అనుమానం రాదని ఫిలిప్ పథకం వేశాడు. రెండూ ఒకటే రంగు మరి.

అతను నంద్యాలలో ఒక కాలేజీ ల్యాబులో అటెండరు. ఏ మందుకూ లొంగని క్రిములను చంపడానికి అక్కడ పరిశోధన చేసే సుష్మ మేడం రెండేళ్లుగా వెండిని కంటికి కనబడనంత సన్నటి రేణువులుగా నీళ్లలో కలిపి మందు తయారుచేస్తోంది.

ఫిలిప్ మామ యోహాను ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. రాయి మీద పడి కాలికైన పుండు ఆరు నెలలైనా మానలేదు. మొండి క్రిమి పట్టింది, ఏ సూదీ పనిచేయడం లేదు, ఇలాగే ఉంటే పాదం తీసేయాలన్నారు డాక్టర్లు.

మందు ఇమ్మని ఫిలిప్ అడిగితే, "పరీక్షలన్నీ కాకుండా మనుషులకు ఇయ్యకూడదన్నా" అంది సుష్మ. అందుకే ఈ దొంగతనం.

కాలేజీ గేటు ముందర ఖాజా పీర్ అంగట్లో డికాషన్ తెచ్చి పని కానిచ్చాడు. ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాడు. మొదటి వారం పూసిన మందుకు పుండు ససేమిరా అంది.

"ఏందప్పా ఇది, మందా? ఉత్త నీళ్లా?" అని యోహాను విసుక్కున్నాడు.

ఫిలిప్ వదల్లేదు. రెండో వారం మళ్లీ తీశాడు, మళ్లీ డికాషన్ పోశాడు. మూడో వారానికి చీము తగ్గింది. ఐదో వారానికి కొత్త చర్మం వచ్చింది. యోహాను ఉలి పట్టుకుని పనిలో కూర్చున్నాడు.

మరుసటి రోజు సుష్మ ఫిలిప్‌ను గదిలోకి పిలిచి తలుపు మూసింది. బల్ల మీద సీసా ఉంది.

"అడుగున టీ నలక యాడిదన్నా?"

"నాకేం తెలుసు మేడం?"

"నిజం చెప్పు."

ఫిలిప్ దొరికిపోయాడు. ఉద్యోగం పోయినట్టే, ఇక పోలీస్ స్టేషనే. మామ పుండు, చెంచాలు, డికాషన్, అన్నీ కక్కేశాడు. "పోలీసులకు చెప్పాకండి మేడం. కాలు తీసేస్తారంటే తట్టుకోలేక చేసినా."

"ఎన్నాళ్లనుంచి?"

"ఐదు వారాలు."

సుష్మ గోడ మీది క్యాలెండరు వైపు చూసి, కుర్చీలో కూలబడింది.

"మీ మామకు ఎట్లుంది?"

"మానింది మేడం. నడుస్తాండాడు."

ఆమె గబగబా నోటుపుస్తకం తెరిచి పెన్ను తీసింది. ఫిర్యాదు రాయబోతోందని ఫిలిప్ కళ్లు మూసుకున్నాడు.

"రెండేళ్లు నా మందుకు ఒక్క క్రిమీ చావలేదన్నా, ఈ నెల రోజుల్నుంచే చస్తాండాయి, బేగా పోయి ఆ ఖాజా పీర్‌ను పిల్చుకొని రా, డికాషన్‌లో ఏమేమి ఏస్తాడో రాసుకోవల్ల!"