తెలియదన్న డాక్టరమ్మ

కారు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోయింది.

వెనకున్న బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

"ఎవరమ్మా నిన్ను బ్రేకు తొక్కమంది?" డ్రైవింగ్ మాస్టారు కసిరాడు.

"నేను తొక్కలేదు మాస్టారూ!" స్టీరింగ్ పట్టుకున్న అమ్మాయి బిక్కమొహం వేసింది.

నిజమే. నేర్పే బండికి మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. తొక్కింది మాస్టారి కాలే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఒప్పుకోవడానికి నోరు రాలేదంతే.

ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి. అలాంటివాడి కాళ్ళు కొన్నాళ్ళుగా ఆయన మాట వినడం లేదు. కూర్చుంటే చాలు, లేచి తిరగమని ఒకటే పోరు. కడుపులో తిప్పుతోందని నెలల తరబడి మింగిన మాత్రలు తెచ్చిన తంటా అది. కడుపు కుదుటపడింది, కాళ్ళు చెడ్డాయి. మాత్రలు మానేసినా కాళ్ళు దారికి రాలేదు.

"ఇంకోసారి ఇలా జరిగితే తాళాలు ఇచ్చేసి ఇంట్లో కూర్చోండి," అన్నాడు డ్రైవింగ్ స్కూలు ఓనరు.

"కూర్చోగలిగితే ఈ గొడవే లేదు కదయ్యా!"

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య నవ్వలేదు. ఆ సాయంత్రమే వీధి చివరి క్లినిక్కుకు లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నిలబడే అంతా విన్నది. ఒక్కసారి కూడా మాటకు అడ్డు రాలేదు.

"ఇది ఆ మాత్రల వల్లే వచ్చి ఉంటుంది," అంది. "మానేశాక కూడా కొందరికి ఎందుకు ఉండిపోతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకూ తెలియదండీ."

"మరి మీకేం తెలుసు?"

"మీరు లేనిది కల్పించి చెప్పడం లేదని తెలుసు. చాలామందికి మెల్లగా తగ్గుతుందని తెలుసు. తొందరపడి మందు మీద మందు వెయ్యను. నెలకోసారి రండి, చూసుకుంటూ పోదాం."

"తగ్గకపోతే?"

"కొందరికి తగ్గదు. అలాంటి మనిషిని ఒకరిని రోజూ చూస్తున్నాను. పని మాత్రం మానుకోలేదు."

మాస్టారికి ఒళ్ళు మండింది. రోడ్డెక్కగానే అందుకున్నాడు.

"విన్నావా? రోజూ చూస్తూ కూడా తగ్గించలేకపోయిందట! తెలియదని చెప్పడానికి అంత చదువెందుకు? బ్రేకు ఎక్కడుందో నాకూ తెలియదమ్మా, చూసుకుంటూ పోదాం అని నేనంటే ఎవరైనా ఊరుకుంటారా?"

"బ్రేకు తెలియదనలేదండీ ఆవిడ. ముందున్న రోడ్డు ఎలా ఉందో తెలియదంది."

"అబ్బో! నువ్వూ డాక్టరువయ్యావే!"

మర్నాడు అద్దాల పెద్దాసుపత్రికి వెళ్ళాడు. అక్కడి డాక్టరు మాట సగంలోనే అందుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! నెల తిరక్కుండా మిమ్మల్ని పరుగెత్తిస్తాను."

"అదీ డాక్టరంటే!" అన్నాడు మాస్టారు భార్య వైపు తిరిగి.

ఒక మాత్ర ఇచ్చాడు. దాని మగతకు ఇంకోటి. ఆ ఇంకోదాని వల్ల నోరు ఎండిపోతుంటే మరోటి. కాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. పైగా కళ్ళు మూతలు పడడం మొదలైంది.

ఒకరోజు నడుస్తున్న కారులోనే మాస్టారు గురక పెట్టాడు. మలుపులో లారీ ఎదురొచ్చింది. ఆ అమ్మాయే ఎలాగో బ్రేకు తొక్కి, బండిని పక్కకు తీసి, భోరున ఏడ్చేసింది.

మాస్టారికి చెమటలు పట్టాయి. తన కాళ్ళ సంగతి దేవుడెరుగు, పరాయి పిల్ల ప్రాణం పోయేది. ఎవరూ అడక్కుండానే తాళాలు తీసుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టేశాడు.

పెద్దాసుపత్రి డాక్టరు పెదవి విరిచాడు. "ఇన్ని మందులకూ తగ్గలేదంటే అదంతా మీ భ్రమ."

"భ్రమ కాదు సార్. నేను లేనిది కల్పించి చెప్పడం లేదు."

అన్నాక, ఆ మాట ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. భార్యే పెద్దాసుపత్రిలో పట్టుబట్టి, ఆ మాత్రలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తగ్గించి మాన్పించింది. కొన్నాళ్ళు నరకం. తర్వాత కాస్త నయం. ఎండలు పోయి వానలు పడేసరికి, ఒకరోజు మాస్టారు లేవకుండా కూర్చుని భోజనం ముగించాడు.

"ఏవండీ, చూసుకున్నారా?" భార్య కళ్ళు తడిశాయి.

ఇంకొన్నాళ్ళకు కాళ్ళు పూర్తిగా చెప్పుచేతల్లోకి వచ్చాయి. ఓనరు కబురుపెట్టి మరీ తాళాలు తిరిగి ఇచ్చాడు.

"బండి ఎక్కేముందు ఆవిడ దగ్గరికి వెళ్ళొద్దాం పద," అన్నాడు మాస్టారు. "మీరన్నదే నిజమైందని ఒప్పుకుంటే నా సొమ్మేం పోయింది!"

క్లినిక్కులో బల్లలన్నీ ఒక మూలకు చేర్చి ఉన్నాయి. నర్సు ఒక్కతే సామాను సర్దుతోంది.

"డాక్టరమ్మ లేరా?"

"ప్రాక్టీసు మానేశారు మాస్టారూ. పోయిన వారమే వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళిపోయారు. ఆ డ్రైవింగ్ మాస్టారు మళ్ళీ రాలేదేమని మీ గురించి చాలాసార్లు అడిగారు."

మాస్టారు తల దించుకున్నాడు.

"మానేసే వయసు కాదు కదమ్మా ఆవిడది?" అంది భార్య.

"వయసుకేం వచ్చిందండీ! ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున నెట్టుకొచ్చారు. ఇక నా వల్ల కావడం లేదన్నారు."

"అయ్యో, ఏమైంది?"

నర్సు ఒక్క క్షణం మాస్టారి కాళ్ళ వైపు చూసింది.

"మీకొచ్చిందే మాస్టారూ, ఆ కడుపు మాత్రలే వేసుకున్నారు ఆవిడా, ఎప్పుడో నేనిక్కడ చేరకముందు, కానీ ఆవిడకు తగ్గలేదు."