కాల్చెయ్యమన్న మొక్క

ఆ ముసలాయన వంగి పువ్వు గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

తోట యజమానురాలు గ్వెండా ప్రోసర్‌కి అనుమానం వచ్చింది.

ఫిబ్రవరి చలిలో పూసే హెలిబోర్లు ఎప్పుడూ తల వంచుకునే ఉంటాయి. చూడాలనుకున్నవాడే వంగి చూడాలి. అందరూ ఒక్కసారి ఎత్తి, "అబ్బ!" అనుకుని వదిలేస్తారు. ఈయన వదలడం లేదు. ఒక్కో పువ్వునీ తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"మావిస్, ఆ పొడుగు కోటాయన్ని చూశావుటే?" గేటు దగ్గర కేకు కోస్తున్న స్నేహితురాలి చెవిలో ఊదింది గ్వెండా.

"చూడకేం! ఒక్కడే వచ్చాడు. టీ వద్దన్నాడు, కేకు వద్దన్నాడు. తోట చూడ్డానికొచ్చి కేకు వద్దనేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదే తల్లీ!"

అదీ నిజమే. ఏటా ఆ ఆదివారం ఊళ్ళో తోటలన్నీ అందరికీ తెరిచి ఉంటాయి. సగంమంది పూలకొస్తే సగంమంది కేకులకొస్తారు. ఇంకో రకం వాళ్ళు కూడా వస్తారు. కిందటి వారమే పాస్టరుగారి పెరట్లో అరుదైన పూలగడ్డలు ఎవరో తవ్వుకుపోయారు.

గ్వెండా ఆయన వెనకాలే నడిచింది. ఆయన ఆగితే తనూ ఆగింది.

మూల మొక్క దగ్గర ఆయన నిలబడిపోయాడు.

గ్వెండా భయమంతా దాని గురించే. ఎప్పుడో చర్చి సంతలో పేరూ ఊరూ తెలియని పిలకగా కొన్నది. పువ్వు బయట పలక నలుపు, లోపల వెన్న రంగు, అంచు చుట్టూ సన్నటి ఎర్ర గీత. అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జేబులోంచి కళ్ళజోడు తీయబోతే, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన తడి కాగితాలు జారిపడ్డాయి.

తడి కాగితాలు! పిలక వాడిపోకుండా పట్టుకుపోయే సరంజామా!

"ఏమిటండీ అవి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అడుగుదామనేనమ్మా. మీరు ఇస్తేనే..."

"అడిగేవాళ్ళు గేటు దగ్గరే అడుగుతారు."

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. ఆకునీ కాడనీ వేలితో తడుముతున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఈ మొక్కని ఇవాళే తవ్వి కాల్చెయ్యండి."

"ఏమన్నారూ?"

"ఆకు ఈనెల వెంట నల్లచారలు చూడండి. ఇది నల్ల తెగులు. దీనికి మందు లేదు. రసం పీల్చే పేనుబంక పురుగు వచ్చిందంటే దీన్ని పక్క మొక్కలన్నిటికీ అంటిస్తుంది. మీ తోట మిగలదు."

"హెలిబోరుకి నల్లమచ్చలొస్తాయని నాకు తెలీదా? ఏటా చలి మొదలవగానే పాతాకులన్నీ నేనే కోసి పారేస్తాను."

"అవి మచ్చలమ్మా, ఆకు కోస్తే పోతాయి. ఇవి చారలు. వేరుదాకా ఉంటుంది తెగులు."

మావిస్ కేకు కోసే కత్తితోనే పరిగెత్తుకొచ్చింది.

"విన్నావుటే? నా మొక్కని నేనే తవ్వాలట!"

"తవ్వి చెత్తకుప్ప మీద పడేస్తే చీకటిపడ్డాక వచ్చి ఎత్తుకుపోదామని! ఏం తెలివయ్యా పెద్దాయనా! దొంగతనం కూడా మాచేతే చేయిస్తావా?"

"నా కళ్ళముందే కాల్చండి. ఒక్క ఆకు కూడా నాకొద్దు." ఆయన పువ్వు వైపు చెయ్యి చాపాడు. "ఈ పువ్వు సంగతి మీకు..."

"నా పువ్వు సంగతి నువ్వు చెప్పాలా నాకు? గేటు అటుంది."

ఆయన మెల్లగా లేచాడు.

"ఒక్కసారి దాని మొహం చూసి వెళ్ళిపోతానమ్మా."

గ్వెండా మొక్కకి అడ్డంగా నిలబడింది.

మర్నాడే దాని చుట్టూ ఇనుప వల కట్టించింది. వలకి గంట కూడా కట్టమంది మావిస్. అదీ కట్టారు.

దొంగ రాలేదు. ఎండలు ముదిరాక పేనుబంక వచ్చింది. దానికి వల అడ్డమా, గంట అడ్డమా?

ముందు పక్క మొక్క కాడ మీద నల్లచార కనిపించింది. తర్వాత దాని పక్కదాని మీద. కొత్త చిగుళ్ళు ముడుచుకుపోయి మాడిపోయాయి. తన చేత్తో గింజ నాటి, మొదటి పువ్వు కోసం ఏళ్ళకేళ్ళు కాచుకుని పెంచుకున్న మొక్కల్లో ఒక్కటీ మిగల్లేదు. మూల మొక్కతో సహా అన్నిటినీ తవ్విందీ తనే, మంట పెట్టిందీ తనే. పొగకి కళ్ళు మండుతున్నాయంది గానీ, గ్వెండా ఏడ్చింది. ముసలాయన చెప్పినట్టే జరిగిందని మావిస్ కూడా తల దించుకుంది.

ఆకులు రాలే కాలంలో మొక్కల సంఘం నుంచి బెరిల్ అనే ఆవిడ పలకరించడానికి వచ్చింది.

"ముందు ఏ మొక్కకి వచ్చింది తెగులు?"

గ్వెండా ఖాళీ మూల చూపించి, ఆ పువ్వు ఎలా ఉండేదో చెప్పింది.

బెరిల్ టీకప్పు కింద పెట్టేసింది.

"అంచుకి ఎర్ర గీతా? సరిగ్గా చూశారా?"

"రోజూ చూసేదాన్ని."

"అయ్యో, అది 'రోవెనా' అండీ! టఫ్నెల్‌గారని ఓ పెద్దాయన ఎన్నో ఏళ్ళు కష్టపడి పుట్టించిన మొక్క. భార్య పేరు పెట్టుకున్నారు. ఆవిడ చనిపోయిన ఏడాదే ఈ తెగులొచ్చి ఆయన తోటంతా బూడిదైపోయింది. ఇంకెక్కడైనా ఒక్క రోవెనా బతికుందేమోనని, ఎక్కడ తోట తెరిచారన్నా ఆ ముసలి ప్రాణం అక్కడికి వెళ్ళేది. ఒక్క పిలక దొరికితే చాలనేవారు."

గ్వెండా కుర్చీలోంచి లేచింది. "ఇప్పుడు... ఎక్కడుంటారాయన?"

"కిందటి నెలే కన్నుమూశారు. అన్నేళ్ళు వెతికారు పాపం, దొరక్కుండానే పోయారు."

దొరికిందనీ, దొరికిన ఆ ఒక్కదాన్నీ కాల్చెయ్యమని ఆయనే తనని బతిమాలాడనీ చెప్పడానికి గ్వెండాకి నోరు రాలేదు.