పెన్సిలు చప్పుడు

"మూడు పాయింట్ ఒకటి. రాసుకో," అన్నాడు యసుకిచి, వసారాలో దుప్పటి కప్పుకుని ఆకాశంలోకి చూస్తూ.

పక్కనే కూర్చున్న భార్య ఫుమియే తలెత్తింది. చూరుకు ఎండగట్టిన పర్సిమన్ పళ్ళ దండల సందులోంచి ఆ ఎర్రచుక్క నిద్రమత్తుగా కనబడింది. ఆమె పుస్తకంలో నాలుగు పాయింట్ ఎనిమిది అని రాసింది.

"ఎలుక కొరికినట్టు ఏమిటే ఆ పెన్సిలు చప్పుడు? ఒకటి వెయ్యడానికి ఒక్క గీత చాలదూ?"

"చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయండీ."

"ఊఁ," అని నవ్వాడు.

ఊపిరి పీల్చి వదిలినట్టు నెలల తరబడి వెలిగి మలిగే చుక్క అది. పక్కనున్న మారని చుక్కలతో పోల్చి దాని వెలుగును అంకెలో చెప్పాలి; వెలుగు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. నలభై ఏళ్ళుగా యసుకిచి అంకెలు నెలనెలా, చుక్కల్ని గమనించే వేధశాలకు పోతున్నాయి. జీతం బత్తెం లేని కొలువే, కానీ ఆయన ప్రాణమంతా అక్కడే.

మూడేళ్ళుగా ఆయన చూపు మసకబారింది. మొన్న టీగిన్నె అనుకుని పిల్లిని ఎత్తుకున్నాడు. ఇది తిరిగొచ్చే చూపు కాదని డాక్టరు ఫుమియేను పక్కకు పిలిచి చెప్పాడు. అంకెలు తప్పితే వేధశాల వద్దంటుంది. వద్దంటే ఈ మనిషి బతకడు. అందుకే ఆయన చెప్పింది విని, తను చూసింది రాసేది.

"పొద్దున వేధశాల నుంచి వచ్చిన కవరేదీ? బియ్యం డబ్బా వెనక దాచావుగా."

"దాచలేదు, పెట్టాను. మీకెవరు చెప్పారు?"

"పోస్టుమాన్‌కి నోరుందిగా!"

ఫుమియే లోపలికెళ్ళి కవరు తెచ్చింది. దొంగతనం బయటపడిందా? పోయిన నెల ఈయన కర్ర పొడుచుకుంటూ ఒక్కడే పోస్టాఫీసుకు వెళ్ళొచ్చాడు. ఎందుకని అడిగితే కాళ్ళు సాగదీయడానికన్నాడు. అక్కడ ఎవరేం చెవినేశారో!

కవరు చించింది. లోపల బంగారు అంచున్న ప్రశంసాపత్రం.

"ఈ మూడేళ్ళలో ఇంత నికార్సయిన చూపు మరొకటి లేదని రాశారండీ!" అంది.

"నే చెప్పలా, ఈ ఇంట్లో చూపుకు ఢోకా లేదని? పేరు కూడా చదువు, చెవులారా వింటాను."

ఆమె కాగితాన్ని దీపం దగ్గరగా పట్టుకుంది. పేరున్న చోట వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. యసుకిచి మాత్రం చుక్కలకేసి తల తిప్పుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు.

పత్రం మీద ఉన్నది ఫుమియే పేరు.