తుర్రి ఆట

మేడిచెట్టు మీద పళ్లు అయిపోయాయి. మర్నాడు కోతుల గుంపు వాగు మీదుగా అవతలి చెట్లకు దూకాలి. తల్లికోతికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దుటి నుంచీ కూతురు తుర్రిని కొమ్మ మీద కూర్చోబెట్టి దూకడం నేర్పుతోంది. తుర్రి వణుకుతోందే తప్ప కదలడం లేదు.

"కాసేపు పిల్లలతో ఆడుకోనివ్వవే," అంది అత్తకోతి.

"ఇప్పుడా ఆటలు? పడితేనో?"

"పడితే పట్టుకోడానికి నువ్వు కింద ఉండు."

తల్లి గొణుక్కుంటూ దిగింది. తుర్రి పిల్లల వెంటపడి కొమ్మ నుంచి కొమ్మకు గెంతింది. రెండుసార్లు జారి తల్లి చేతుల్లో పడింది, నవ్వుతూ మళ్లీ ఎక్కింది.

మర్నాడు వాగు దగ్గర తల్లి ఇంకా దూరం చూసుకుంటూనే ఉంది. అవతలి కొమ్మ మీంచి తుర్రి పిలిచింది.

"రా అమ్మా, ఏం కాదు."