నాలుగు వేళ్ళ నీరు

“మళ్ళీ నాలుగు వేళ్ళు తగ్గింది,” అంది రత్న, తొట్టిలోంచి వెదురుకర్ర పైకి లాగి తడి ఎంతవరకుందో చూస్తూ.

“సరిగ్గా సూడప్పా. కర్ర వారగా దించావేమో,” అంది పక్కింటి స్వర్ణ, చంకలో బిందె దించకుండానే.

“నానేటి, ఇయ్యాల కొత్తగా సూత్తన్నానా? మా మావ కట్టించిన తొట్టి ఇది.”

ఆ మాట నిజమే. టైడా దగ్గర రైలు వంతెనలు కట్టిన మేస్త్రిని బతిమాలి తెచ్చుకుని, పెరట్లో నేల లోపల రాయీ సున్నంతో రత్న మామగారు కట్టించిన తొట్టి. ఇంటి కప్పు మీద పడ్డ వాననీరంతా గొట్టంలోంచి అందులోకి దిగుతుంది. పైన బండలు, మనిషి దిగేంత మూత. ఒకసారి నిండితే మళ్ళీ వానల దాకా ఆ ఇంటికి నీటి చింత లేదు.

ఈ ఏడు ఆ నీటిని నమ్ముకునే రత్న నాలుగు వందల కాఫీ మొక్కలు సంచుల్లో పెంచుతోంది. తొలకరికి వాలులో నాటాలి. గోతులు కూడా తవ్వించి ఉంచింది. ఇవి ఎండితే వాలు ఇంకో ఏడాది బోడిగా ఉంటుంది. ఆ పైన కాపుకి మరో నాలుగేళ్ళు. రత్నకి యాభై ఎనిమిది దాటాయి.

అందుకే రోజూ పొద్దున్నే ఇద్దరూ పెరటి వాలు దిగి కొండ కింద ఊటకి వెళ్ళి చెరి అయిదు బిందెలు మోసుకొచ్చి తొట్టిలో పోస్తున్నారు. దానికి బదులు రత్న స్వర్ణ తోటలో కలుపు తీస్తుంది. మామూలుగా ఆ ఊట శివరాత్రికే ఎండిపోయేది. ఈసారి దేవత చల్లగా చూసింది. పది బిందెలు పోసి, సాయంత్రం మొక్కలకి ఆరు తోడితే నీరు పెరగాలి కదా! తగ్గుతుందేమిటి?

రత్న కళ్ళు తొట్టికి దిగువన, వాలులో ఉన్న స్వర్ణ కాఫీ నారుమడి మీద పడ్డాయి. ఇంత ఎండలోనూ దాని మొక్కలు నిగనిగలాడుతున్నాయి.

“నీ మొక్కలకి ఎంత పోత్తన్నావే?”

“రోజుకి రెండు బిందెలు. అంతే.”

“రెండు బిందెలకే ఇంత పచ్చగున్నాయా?”

“నా సెయ్యి మంచిదప్పా,” అని నవ్వింది స్వర్ణ.

ఆ నవ్వు రత్నకి నచ్చలేదు.

ఆ పూటే మూతకి తాళం వేసింది. అయినా నీరు తగ్గింది. అంటే స్వర్ణ మారుతాళం చేయించిందన్నమాట. మూత చుట్టూ బూడిద చల్లింది. తెల్లారి చూస్తే బూడిద మీద పిల్లి అడుగు కూడా లేదు, నీరు మాత్రం నాలుగు వేళ్ళు దిగింది. అంటే తోడుకున్నాక మళ్ళీ బూడిద చల్లి పోతోంది. ఎంత తెలివి! అందరూ చూస్తుండగా అయిదు బిందెలు పోసి, చాటున పదిహేను పట్టుకుపోతోంది. పోసే చేతిని ఎవరనుమానిస్తారు?

ఆదివారం ఊరి పెద్ద సోంబరు ముందు పంచాయితీ పెట్టింది.

“నువ్వు కళ్ళారా సూసావేటే?” అన్నాడు సోంబరు.

“సూడక్కర్లేదు మావా. దాని మొక్కలు సూడు, నా మొక్కలు సూడు. దేవత రాయి మీద సెయ్యేసి ఒట్టెయ్యమను.”

“ఎయ్యను,” అంది స్వర్ణ.

“సూసావా మావా! ఒట్టంటే బయపడతంది.”

“బయం కాదప్పా. నీకు జొరమొచ్చిన్నాడు గంజి తాగించిన సెయ్యి ఇది. దీన్ని తీసుకెళ్ళి దొంగలు పెట్టే కాడ పెట్టను.”

మర్నాడు స్వర్ణ ఊటకి రాలేదు. ఆ వారంలోనే కొయ్యూరు వైపు తమ్ముడి ఊరికి బస్సెక్కింది. ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పలేదు.

ఇక తేలిపోతుందనుకుంది రత్న. తేలలేదు. మనిషి ఊళ్ళో లేకపోయినా నీరు దిగుతూనే ఉంది.

“పోతా పోతా మారుతాళం ఎవడికో ఇచ్చి పోయింది మావా.”

“ఎవడికిచ్చిందో కూడా నువ్వే సెప్పీ. నీకు తెల్దంటూ ఏటుంది?” అని సోంబరు చుట్ట ఆర్పి లేచిపోయాడు.

ఒక్కతే మోసేసరికి మూడోరోజుకి రత్న మోకాలు వాచింది. ఊటకి దిగడం మానేసింది. కర్రకి అంటుకునే తడి జానెడయింది, బెత్తెడయింది. సంచుల్లో మొక్కలు తలలు వేలాడేశాయి. సగానికి పైగా పోయాయి.

అప్పుడు సోంబరు కావిడితో రెండు గంపల మొక్కలు తెచ్చి గుమ్మంలో దించాడు.

“ఏటియ్యి?”

“స్వర్ణ మడిలోవి. పోయే ముందే సెప్పింది. అప్పవి ఎండిపోతే నావి సగం ఇచ్చీ మావా అని.”

రత్న మొహం తిప్పుకుంది. “ఇస్తే ఏటి? నా నీటితో పెరిగినవే కదా!”

సోంబరు కావిడిబద్ద భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గంపలు మాత్రం ఆమె వెనక్కి పంపలేదు.

శుక్రవారం కర్ర పొడిగా పైకొచ్చింది. రత్న మూత పక్కన బోర్లా పడుకుని లోపలికి తొంగి చూసింది. అడుగున బురద, అంతే. తాళం తీసుకెళ్ళి గూట్లో పడేసింది. ఇక దేనికి వెయ్యాలి తాళం?

శనివారం, స్వర్ణ మొక్కలనైనా బతికించుకుందామని బిందె పట్టుకుని, కుంటుకుంటూ కొండ దిగింది. తొట్టినంటే దోచుకున్నారు. దేవత ఇచ్చిన ఊటని ఎవరెత్తుకుపోతారు?

తొట్టితో పాటే ఊట కూడా ఎండిపోయింది.