లమేక్ చెక్కిన రెక్క

"ఒక్క సొర రెక్క చూపించు తాతా, చాలు. నా వల నేనే మడిచి అటక మీద పెట్టేస్తా" అన్నాడు ఒత్నియేల్.

చర్చి అరుగు మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. లమేక్ తాత మాత్రం నవ్వలేదు. బుగ్గన ఉన్న వక్కను అటు నుంచి ఇటు మార్చి సముద్రం వైపు చూశాడు. ఆ రోజు శుక్రవారం. ఎల్లుండి ప్రార్థన కాగానే సాసి ఎత్తేస్తారు.

రెండేళ్ల కిందట పాస్టరు ప్రార్థన చేసి ఊరి ముందు నీళ్లలో ఎవరూ చేప పట్టకుండా సాసి పేరుతో మూసినప్పుడు, ఊరంతా ఒక మాట అనుకుంది. సాసి ఎత్తే నాటికి సొరచేపలు తిరిగొస్తే, పగడపు దిబ్బ చాటున ఉన్న లోపలి నీళ్లు ఎప్పటికీ వాటివే. అక్కడ ఎవరూ వల వెయ్యకూడదు. రాకపోతే ఎవరిష్టం వాళ్లది. ఇన్నాళ్లలో ఒక్క సొరా కంటపడలేదు. ఒత్నియేల్ అప్పుడే కొత్త వల కొని సిద్ధంగా ఉన్నాడు.

అతన్ని అని లాభం లేదు. అతను పుట్టేసరికే రెక్కల వ్యాపారుల పడవలు వచ్చి సొరలన్నిటినీ ఊడ్చుకుపోయాయి. సొర వస్తే ఉన్న నాలుగు చేపలూ అదే మింగేస్తుంది కదా అని అతని వాదన.

"అది ఉన్నన్నాళ్లూ పెద్దనోటి చేపలు బుద్ధిగా బొరియల్లో పడి ఉండేవిరా" అన్నాడు లమేక్. "అది పోయాక వాటిని అడిగే దిక్కు లేదు. నాచు మేసే చిలకచేపల్ని పిల్లలతో సహా తినేశాయి. నాచు పెరిగి పగడాన్ని కప్పేసింది. ఆఖరికి తినడానికేం లేక అవీ పోయాయి. కంచె పీకేసి చేను పండమంటే పండుద్దా?"

"కంచె ఏదీ మరి? చూపించమనేగా అంటున్నా" అన్నాడు ఒత్నియేల్. మళ్లీ అంతా నవ్వారు.

పగడం ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. చిలకచేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఆగితే సొర దానంతటదే వస్తుందని లమేక్ నమ్మకం. కానీ ఆదివారం వలలు పడ్డాయంటే ఇక రావడానికి అక్కడేం మిగలదు. అతనికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లవారకముందే లేచి, ఇంటి వెనక విరిగిన దోనె చెక్కను రెక్కలా చెక్కాడు. కొబ్బరినూనెలో మసి కలిపి నల్లగా పూశాడు. బెండుకి బిగించి, నీలం తాడుతో రాయి కట్టి, లోపలి నీళ్లలో వదిలి వచ్చాడు. పోటు వేళకి అదే పైకి లేచి ఊగుతుంది. సాసి నీళ్లలో దోనె దింపడమే నేరం. ఆ నీళ్లకి కాపలా వేరెవరో కాదు, అతని భార్య సలోమినా. నిరుడు ఒక్క గాలం వేసినందుకు సొంత తమ్ముడి చేత జరిమానాగా పందిని కట్టించిన మనిషి. మొగుడని తెలిస్తే రెండు పందులు కట్టిస్తుంది. అందుకే అతను నోరు మెదపలేదు.

శనివారం సాయంత్రం సలోమినా కాపలా తిరిగి వచ్చింది. ఎప్పటిలాగే దోనె నిండా తుక్కు. సాసి నీళ్లలో దొరికిన సీసాలూ, చిరిగిన వలలూ, కొట్టుకొచ్చిన పుల్లలూ కాపలా ఆడవాళ్లవే. వారం రోజులుగా వాన, ఇంట్లో కట్టెలన్నీ చెమ్మ. అయినా ఆ పూట పొయ్యి భగ్గున రాజుకుంది. లమేక్ సగ్గుపిండి గంజిలో చేపల పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు.

"ఇవాళ పులుసు కుదిరిందే" అన్నాడు.

"మంట కుదిరింది" అంది సలోమినా.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా పడవలు కట్టే చెక్కల వంతెన మీద చేరింది. పోటు నిండుగా వచ్చింది. ఎంతసేపు చూసినా నీళ్ల మీద ఏమీ లేదు. ఒత్నియేల్ వల భుజానికెత్తుకున్నాడు. తాడు తెగిందేమోనని లమేక్ వంతెన అంచుకి జరిగి వంగి చూశాడు.

ముందుగా ఒక పసిపిల్ల వేలు చూపించింది.

నల్లటి రెక్క. దిబ్బ పక్కనుంచి తాపీగా జరిగింది. దాని ముందు చిన్న చేపలు గుప్పెడు బియ్యం విసిరినట్టు ఎగిరిపడ్డాయి. రెక్క మునిగింది. కాసేపటికి ఇంకో చోట, పోటుకి ఎదురుగా, తేలింది. తాడు కాస్త పొడుగు వదలడం మంచిదైందని లమేక్ మురిసిపోయాడు. తన చేతిలో ఇంత పనితనం ఉందని అతనికే తెలియదు.

ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పాస్టరు కళ్లు తుడుచుకుంటూ లోపలి నీళ్లు ఇక సొరలవేనని చెప్పాడు. ఒత్నియేల్ చాలాసేపు ఆ రెక్కనే చూశాడు. తర్వాత వల దించి, లమేక్ పక్కన కూర్చుని మడవడం మొదలుపెట్టాడు.

"ఎంత బాగుంది తాతా" అన్నాడు మెల్లగా.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి లమేక్ కడుపులో మాట ఆగలేదు. ఊరు ఎలాగూ మాట మీద నిలబడింది, రెండు పందులు పోతే పోనీ అనుకున్నాడు. చెక్క, మసి, నీలం తాడు, అన్నీ చెప్పేసి, తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు.

గంజి కలుపుతున్న సలోమినా చేతులు ఆగిపోయాయి.

"ఆ నల్ల చెక్క నీదా? ఎవడో బయటివాడు వలకి గుర్తు పెట్టుకున్నాడనుకున్నా" అంది.

"నువ్వు చూశావా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది.

"నిన్న నీ పులుసు కాగింది దాని మంట మీదేనయ్యా."